ల్యాండింగ్ లైట్ వెలగకపోతే పగటిపూట ఎగరవచ్చా?

ప్రశ్న:
నేను అమెరికా నిబంధనల ప్రకారం ఒంటి ఇంజను విమానంపై శిక్షణ పొందుతున్నాను. బయలుదేరే ముందు తనిఖీలో ల్యాండింగ్ లైట్ వెలగలేదు. పగలే కనుక ఫర్వాలేదని తోటి విద్యార్థి అన్నారు. విమానంలో తప్పనిసరిగా ఉండాల్సిన పరికరాల జాబితా ఇచ్చే 91.205 నిబంధన తెరిచి చూస్తే, ఎక్కే దిగే వేగాన్ని చూపే వీఎస్ఐ పేరు కూడా అందులో లేదు. జాబితాలో లేని పరికరం ఏది పాడైనా బయలుదేరవచ్చని దీనికి అర్థమా?

జవాబు 1:
ఆ జాబితా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. పగటి వీఎఫ్ఆర్‌కు (బయటికి కంటితో చూస్తూ ఎగిరే పద్ధతికి) వేగసూచి, ఎత్తు చూపే ఆల్టిమీటర్, దిక్సూచి, ఇంజను తిరిగే వేగం చూపే టాకోమీటర్, ఆయిల్ పీడనం, ఉష్ణోగ్రత చూపే గేజులు, ప్రతి ట్యాంకుకు ఇంధన గేజు, సీటు బెల్టులు వంటివి ఉండాలి. పుల్ల ముంచి ఇంధనం కొలుచుకోవడం మంచి అలవాటే కాని, అది పాడైన గేజుకు బదులు కాదు. రాత్రికి పొజిషన్ లైట్లు, ఇతర విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే యాంటీ కొలిజన్ లైట్లు, తగినంత విద్యుత్తు, అదనపు ఫ్యూజులు తోడవుతాయి. ల్యాండింగ్ లైట్ మాత్రం ప్రతిఫలం తీసుకొని నడిపే విమానానికే తప్పనిసరి. పరికరాల ఆధారంగా ఎగిరే ఐఎఫ్ఆర్‌కు వచ్చేసరికి రేడియో, మార్గానికి తగిన నావిగేషన్ పరికరాలు, విమానం వాలు, మలుపు, దిశ చూపే గైరో పరికరాలు, ఆల్టర్నేటర్ లేదా జనరేటర్, చివరికి సెకన్లు చూపే గడియారం కూడా కావాలి.

జవాబు 2:
పై జవాబు సరైనదే, అయితే అసలు ప్రశ్నకు సమాధానం పాడైన పరికరాలతో ఎగరడం గురించిన 91.213లో ఉంది. ఎంఈఎల్ (ఏ పరికరాలు పాడైనా ఎగరవచ్చో చెప్పే ఆమోదిత జాబితా) లేని మీ విమానంలాంటి చిన్న విమానం విషయంలో, పాడైన పరికరం ఆ విమానానికి పగటి వీఎఫ్ఆర్ ధ్రువీకరణ ఇచ్చినప్పుడు తప్పనిసరి చేసినదా, తయారీదారు పరికరాల జాబితాలో చేయబోయే ప్రయాణానికి అవసరమని రాసి ఉన్నదా, 91.205 గాని మరో నిబంధన గాని కోరుతున్నదా, ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ (భద్రతా లోపం సరిదిద్దమని ఇచ్చే తప్పనిసరి ఆదేశం) ఏదైనా అడుగుతున్నదా అని వరుసగా చూడాలి. అన్నిటికీ లేదనే జవాబు వచ్చినా పని పూర్తి కాదు. ఆ పరికరాన్ని తీసివేయాలి, లేదా పనిచేయకుండా చేసి, పనిచేయదని చీటీ అంటించాలి. అవసరమైన చోట నిర్వహణ పుస్తకంలో నమోదు చేయించాలి. కేవలం లైట్ స్విచ్ వేయకుండా వదిలేసి వెళ్లిపోవడం చాలామంది చేసే పొరపాటు.

జవాబు 3:
ఇంకొక మాట. ఆ నిబంధన చివర, ఈ లోపంతో ప్రమాదం లేదని పైలట్ గాని అర్హుడైన మెకానిక్ గాని నిర్ణయించాలని కూడా ఉంది. వేగసూచికి గాలి పీడనం అందించే పిటాట్ గొట్టాన్ని వేడిచేసే పిటాట్ హీటర్ పేరు 91.205లో ఎక్కడా కనిపించదు. అయినా గడ్డకట్టే చలిలో మేఘాల్లోకి వెళ్తే పిటాట్ గొట్టం ముందు రంధ్రం, నీరు కారే రంధ్రం రెండూ మంచుతో మూసుకుపోవచ్చు. అప్పుడు వేగసూచి ఆల్టిమీటర్‌లా ప్రవర్తించి, పైకి ఎక్కేకొద్దీ వేగం పెరుగుతున్నట్టు చూపిస్తుంది. అది నమ్మి ముక్కు ఎత్తితే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు ఎత్తి నిలిపే బలం కోల్పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మా విమానం పరికరాల జాబితాలో ల్యాండింగ్ లైట్ పగటి ప్రయాణానికి అవసరమని లేదు. మిగిలిన మెట్లు కూడా చూసుకొని, చీటీ అంటించాకే బయలుదేరతాను.