నోటు గుండ్రంలోనే స్వరం పేరు రాసి ఇవ్వడం తప్పా?

స్వరలహరి: పాశ్చాత్య పద్ధతిలో అయిదు గీతల మీద స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో నోట్లన్నీ (స్వరాల గుర్తులన్నీ) సెలెక్ట్ చేసి, ప్రాపర్టీస్‌లో నోట్‌హెడ్ సిస్టమ్ (నోటు గుండ్రం తీరు) మారిస్తే ప్రతి గుండ్రంలోనూ డో, రే, మి అని పడుతుంది. కీబోర్డ్ నేర్చుకునే చిన్నపిల్లలకు ఆరు నెలలుగా అలాగే ప్రింట్ ఇస్తున్నాను. మొన్న ఒక తండ్రి "ఇది పిల్లల్ని పాడుచేయడమే" అన్నారు. మీరేమంటారు?

తంబురా_తీగ: స్టాఫ్ స్పేస్, అంటే రెండు గీతల మధ్య ఖాళీ, మామూలుగా 1.75 మి.మీ. కదండీ. ఆ గుండ్రంలో అక్షరం ఏం కనబడుతుంది, చీమ తలకాయంత?

స్వరలహరి: 2.5కి పెంచాను. పేజీలు పెరుగుతాయి, అంతే.

పాప_నాన్న: తప్పే. మా పాప రెండేళ్లు అక్షరాల కాగితాలతోనే వాయించింది. గ్రేడ్ పరీక్షలో కొత్త ముక్క చదివి వాయించమంటే కాగితం వంక చూస్తూ కూర్చుంది. అక్షరం ఉంటే పిల్లలు గీత వైపు చూడనే చూడరు.

ఖరహరప్రియుడు: అసలు సమస్య అది కాదు. సి దగ్గర షడ్జమం (స) పెట్టి ఖరహరప్రియ రాగం రాయండి. కీ సిగ్నేచర్‌లో, అంటే గీతల మొదట్లోనే, రెండు ఫ్లాట్లు (స్వరాన్ని అర మెట్టు దించే గుర్తులు) పెడతారు. మూవబుల్ డో (కీ సిగ్నేచర్‌ని బట్టి డో చోటు మారే పద్ధతి) ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ బి ఫ్లాట్‌ని డో అనుకుంటుంది. మీ 'స' మీద 'రే' అని పడుతుంది!

స్వరలహరి: కీ సిగ్నేచర్ పెట్టను. ఏ స్వరానికి కావాలంటే ఆ స్వరం పక్కనే ఫ్లాట్ వేస్తాను. పాప_నాన్న గారూ, అమెరికాలో 1844 నాటి సేక్రెడ్ హార్ప్ అనే భక్తిగీతాల పుస్తకంలో నోటు ఆకారమే స్వరం పేరు చెబుతుంది: ఫాకి త్రికోణం, సోల్‌కి గుండ్రం, లాకి చతురస్రం, మికి వజ్రం. ఈరోజుకీ పెద్దవాళ్లు దాన్ని చూసే పాడుతున్నారు. వాళ్లంతా పాడైపోయారా?

పాప_నాన్న: వాళ్ల పుస్తకమంతా అలాగే ఉంటుంది. మా పాప పరీక్ష పేపర్ అలా రాలేదు.

ఖరహరప్రియుడు: ప్రతి స్వరానికీ ఫ్లాట్ వేస్తే పేజీ గజిబిజి కాదా? దీనికి జవాబు చెప్పండి.

వీణ_అత్తయ్య: 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారు కర్ణాటక కృతుల గ్రంథం సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలోనే అచ్చువేయించారు. సరిగమ అక్షరాల మీద గమకాలకు (స్వరాన్ని ఊపే తీరులకు) గుర్తులు పెట్టారు గానీ అయిదు గీతల జోలికి పోలేదు. మన స్వరాలే కావాలంటే గీతలెందుకమ్మా?

పాప_నాన్న: అదే నా ప్రశ్న కూడా. గీతలు నేర్పుతానని ఫీజు తీసుకుని అక్షరాలు నేర్పితే ఎలా? మీకు ఫంక్షన్‌లో పిల్ల ఒక పాట వాయిస్తే చాలు. ఫోటోలు దిగుతారు.

స్వరలహరి: ఫోటోలు నాకు కావాలా, మీకు కావాలా? జూన్‌లో చేర్చి, దసరాకి ఒక్క పాటైనా రాకపోతే మాన్పించేది ఎవరండీ? గీతలు మాత్రమే నేర్పిన ఏడాది నా దగ్గర పదకొండు మందిలో నలుగురే మిగిలారు. అక్షరాలు పెట్టాక ఎవరూ మానలేదు. ఇది నా పొట్టకూటి సంగతి కూడా.

తంబురా_తీగ: కోపాలు వద్దండీ...

పాప_నాన్న: ఒక మాట ఒప్పుకుంటాను. పాపకు మొదట ఇంకో టీచర్ ఉండేవారు. నాలుగు నెలలు గీతలూ తాళమే చెప్పారు. పాట రాలేదని మేమే మాన్పించాం. ఆ తర్వాతే అక్షరాల కాగితాలకు వెళ్లాం.

స్వరలహరి: మరి ఇన్ని పోస్టులు ఎవరి మీద రాశారు?

పాప_నాన్న: ...అది సరే. ఇప్పుడు తొమ్మిదేళ్లు పాపకి. నెమ్మదిగా అక్షరాలు తీసేయడానికి దారి ఉందా?

స్వరలహరి: ఉంది. అన్నింటికీ కాకుండా సెలెక్ట్ చేసిన నోట్లకే మార్చవచ్చు. మొదటి వారం స, ప (డో, సోల్) మామూలు గుండ్రాలు చేయండి. అవి గీత చూసి గుర్తుపట్టాక మిగతావి.

ఖరహరప్రియుడు: రెండు ఫ్లాట్ల సంగతి ఇంకా తేలలేదు.