షుగర్ పుండుకు హయాలురోనిక్ ఆమ్లం జెల్ పనిచేస్తుందా?

పెరంబూరు కోడలు:
మా మామగారికి కుడి పాదం కింద, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత షుగర్ పుండు పడి మూడు నెలలైంది. ఇక్కడ చెన్నైలో సర్జన్ గారు హయాలురోనిక్ ఆమ్లం జెల్ రాయమన్నారు. అది ముఖానికి రాసుకునే సీరంలోని సరుకేనని, దానితో పుండు మానదని మా మరిది వాదన. ఎవరి మాట వినాలి?

తాంబరం ఫార్మసిస్టు:
సరుకు అదే, కాని అది అందం కోసం పుట్టలేదు. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని ఆవు కంటి లోపలి జిగురు పదార్థం నుంచి వేరుచేశారు. మన చర్మంలోనూ కీళ్లలోనూ సహజంగానే ఉంటుంది. గాయమైనచోట నీటిని పట్టి ఉంచి, కొత్త కణాలు పాకి రావడానికి దారి వేస్తుంది. పొడవైన గొలుసుగా ఉన్నప్పుడు వాపును అణచే ఈ పదార్థమే చిన్న ముక్కలుగా తెగితే వాపును రేపి, కొత్త రక్తనాళాలు పుట్టేలా చేస్తుంది. కాబట్టి జెల్‌లన్నీ ఒకటే అనుకోకూడదు.

రాయపురం నర్సు:
శాస్త్రం బాగానే ఉందండీ, రుజువే అంత గట్టిగా లేదు. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష, పాదానికి పైన కాలి మీద పడే పుండ్లకు మందు కలపని పూతకంటే ఇది మేలు చేయవచ్చని చెప్పింది గాని, షుగర్ పాదాల విషయంలో ఏదీ తేల్చి చెప్పలేకపోయింది. నేను కట్టు విప్పగానే మొదట చూసేది పుండు అంచును. అది తెల్లగా, గట్టిగా కాయ కాచి ఉంటే ఆ మనిషి ఇంకా దాని మీదే నడుస్తున్నాడన్నమాట. కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడేది నొప్పి తెలియక అదేచోట పదేపదే బరువు మోపడం వల్లనని వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఏనాడో చూపించారు. షుగర్‌తో మొద్దుబారిన పాదానిదీ అదే కథ. పుండు మీద బరువు పడకుండా తప్పించే కాస్టు (పిండికట్టు లాంటి గట్టి తొడుగు) వేయకుండా, పాదానికి రక్తం అందుతోందో లేదో చూడకుండా ఎంత ఖరీదైన జెల్ రాసినా డబ్బు దండగ.

తాంబరం ఫార్మసిస్టు:
కాస్టు వద్దని నేననలేదు. అయితే వట్టి గాజుగుడ్డ ఎండి అంటుకుపోయి, విప్పేటప్పుడు కొత్త చర్మాన్ని కూడా ఊడబెరుకుతుంది. జెల్ ఆ తడిని కాపాడటం చిన్న విషయమేమీ కాదు.

పెరంబూరు కోడలు:
ఈ ఉదయం కట్టు మార్చేటప్పుడు చూశాను, అంచు తెల్లగానే ఉంది. మామగారు మేమెవరమూ లేవకముందే వట్టి కాళ్లతో మేడెక్కి తులసికి నీళ్లు పోసి వస్తున్నారట. జెల్ ఆపను, కాస్టు సంగతి మాత్రం సోమవారం సర్జన్ గారిని అడుగుతాను.