ఫామ్‌లో పుట్టిన చేపలు గట్టివా, నదిలో పట్టినవి గట్టివా?

వేలచ్చేరి టెట్రా: కొళత్తూర్ చేపల షాపు నుంచి పది నియాన్ టెట్రాలు, ఆరు కార్డినల్ టెట్రాలు తెచ్చా. నియాన్‌లు ఫామ్‌వి, కార్డినల్స్ వైల్డ్, అంటే నదిలో పట్టినవి అన్నాడు షాపాయన. మూడో రోజుకి అన్నిటికీ తెల్ల చుక్కల జబ్బు. కార్డినల్స్ ఒక్కటీ మిగల్లేదు, నియాన్‌లు మాత్రం ఎనిమిది ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. నదిలో పెరిగినవే గట్టివంటారు కదా, ఇదేంటి?

డిస్కస్ పిచ్చి, బెంగళూరు: క్వారంటైన్ చేశావా లేదా, ముందది చెప్పు. కార్డినల్స్ ఉండే రియో నీగ్రో (అమెజాన్ ఉపనది) నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి, పీహెచ్ 5 లోపే, ఖనిజాలు దాదాపు సున్నా. అక్కడ పట్టి, కవర్లు మార్చి మార్చి ఇంత దూరం తెచ్చి మీ బోర్ నీళ్ళలో వదిలితే ఇంక గట్టితనం ఎక్కడిది.

గల్లుప్పు సుబ్బు: చుక్కలకి ఇంత రాద్ధాంతమా. 10 లీటర్లకి చెంచాడు గల్లుప్పు వెయ్, టెంపరేచర్ 30కి పెంచు. ప్యాకెట్ ఉప్పు వద్దు, అయోడిన్‌కి చేపలు చస్తాయి.

అంబత్తూర్ లక్ష్మి: మళ్ళీ మొదలు. ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ కిలోకి 15, 30 మిల్లీగ్రాములు, చెంచాలో ఎంతొస్తుందో లెక్కేసుకోండి. టెంపరేచర్ పెంచాలా? మే నెలలో మా ట్యాంక్ ఫ్యాన్ పెట్టినా 32 దిగదండీ.

గల్లుప్పు సుబ్బు: లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి మేడం. మా కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) ప్యాకెట్ ఉప్పుకే పోయాయి.

అంబత్తూర్ లక్ష్మి: కోరీలకి ఏ ఉప్పైనా ఎక్కువైతే పడదు సార్!!

గొరామి బాధితుడు: ఉప్పు సంగతి వదిలేయండి బాబూ. డ్వార్ఫ్ గొరామి మన గంగ, బ్రహ్మపుత్రల చేపే, షాపుల్లో దొరికేవి మాత్రం ఫామ్‌వి. ఇరిడోవైరస్ ఆ ఫామ్‌ల్లోనే పాతుకుపోయింది, మందు లేదు. నాలుగు తెచ్చా, రంగు దిగి, పొట్ట ఉబ్బి వరసపెట్టి పోయాయి. ఫామ్‌వి గట్టివని ఎవరన్నా అంటే ఒళ్ళు మండుద్ది నాకు.

గప్పీ గురు: పదిహేనేళ్ళుగా బ్రీడింగ్‌లో ఉన్నా, వినండి. తెల్ల చుక్క ఓసారి వచ్చి బతికిన చేప రెండోసారి తట్టుకుంటుంది, ఆ నియాన్‌లు ఫామ్‌లోనే ఓసారి పడి లేచుంటాయి, పుట్టుకతో వచ్చిన బలం కాదది. వైల్డ్ వాటి అసలు బెడద పేగుల్లో పురుగులు. నా దగ్గరికి ఏ చేప వచ్చినా నాలుగు వారాలు విడి తొట్టి, అంతే.

మడిపాక్కం: పురుగులు వైల్డ్ వాటికేనా గురువుగారూ? మీలాంటి బ్రీడర్ దగ్గర కొన్న గప్పీలకే వెనక ఎర్ర దారాల్లా పురుగులు వేలాడాయి. పురుగుల మందు లెవమిసోల్ కోసం పశువుల మందుల షాపుకెళ్తే ఎన్ని మేకలని అడిగాడు.

గప్పీ గురు: నా దగ్గర కొన్నారా? లేదు కదా.

డిస్కస్ పిచ్చి, బెంగళూరు: టెట్రా తమ్ముడు క్వారంటైన్ మాట ఇంకా చెప్పలేదు.

వేలచ్చేరి టెట్రా: ఉన్నదొకటే ట్యాంక్ అన్నా. అద్దిల్లు, రెండోది పెడితే ఓనర్ ఊరుకోడు.

అంబత్తూర్ లక్ష్మి: ప్లాస్టిక్ టబ్బు, స్పాంజ్ ఫిల్టర్ చాలు తమ్ముడూ. అడిగితే బట్టలు నానబెట్టానని చెప్పు.