మూడేళ్ల పిల్ల బజారులో పేచీ పెడితే కొనివ్వాలా, వద్దా?

మూడులాంతర్ల అమ్మ:
మాది విజయనగరం. మొన్న శనివారం సాయంత్రం మా గుంటని తీసుకుని గంటస్తంభం వైపు వెళ్లాను. దానికి మూడేళ్లు నిండాయి. కొనాల్సినవి మూడే: జాకెట్టుకి లైనింగు, ఒక స్టీలు డబ్బా, అరకిలో చింతపండు. లైనింగు రంగు చూస్తున్నంతసేపూ బాగానే ఉంది. స్టీలు సామాన్ల కొట్లోంచి బయటికి రాగానే బొమ్మల బండి. బండాయన నన్ను అడగనైనా అడగకుండా, కీ తిప్పితే గెంతే కప్పని దాని చేతిలో పెట్టేశాడు. ఎనభై రూపాయలు. అలాంటివి ఇంట్లో రెండున్నాయి, రెండూ కాళ్లు విరిగి మంచం కింద పడున్నాయి. తీసి వెనక్కిచ్చాను. అంతే, రోడ్డు మీద వెల్లకిలా పడుకుంది. వెనకనుంచి ఆటో హారన్. ఎవరో పెద్దావిడ "ఎనభై రూపాయలకి పిల్లని అంతలా ఏడిపిస్తావేటమ్మా" అని తనే పర్సు తీయబోయింది. సిగ్గేసి కొనేశాను. చింతపండు మర్చిపోయి ఇంటికొచ్చాను.

కొనకుండా ఉండాల్సింది అంటున్నాడు మా ఆయన. ఆయన దాన్ని ఒక్కసారి కూడా బజారుకి తీసుకెళ్లలేదు, అది వేరే సంగతి. నేను చేసింది తప్పా?

ఏడురోడ్ల నాన్న:
శ్రీకాకుళం నుంచి. తప్పే అక్కా, ఏమనుకోకండి. కొనడం తప్పు కాదు, ముందు వద్దని, ఏడ్చాక కొనడం తప్పు. ఇచ్చేదేదో ఏడవకముందే ఇచ్చేయాలి. ఒకసారి వద్దన్నాక ఇక వద్దే. పది సార్లలో ఒక్కసారి లొంగినా చాలు, పదకొండోసారి ఇంకా ఎక్కువసేపు ఏడుస్తారు. ఎంత ఏడిస్తే దొరుకుతుందో తెలీదు కదా, అందుకని. మా వాడిని పొట్టి శ్రీరాములు మార్కెట్లోంచి ఎత్తుకుని బయటికొచ్చి, బండి పక్కన పావుగంట ఊరికే నిలబడ్డాను. అలా మూడుసార్లు. నాలుగోసారి పేచీ పెట్టలేదు.

పూల్‌బాగ్ అమ్మమ్మ:
నువ్వు మగాడివి కాబట్టి చెల్లింది నాయనా. ఏడుస్తున్న పిల్లాడిని నువ్వు ఎత్తుకుని నిలబడితే "ఎంత ఓపికో" అంటారు. తల్లి నిలబడితే "ఏం చేసిందో పాపం పిల్లని" అని తిరిగి తిరిగి చూస్తారు. అయినా సాయంత్రం ఆరింటికి, నిద్ర చాలక ఆకలి మీదున్న పిల్లతో బజారేమిటమ్మా? మేం ఇంట్లో వదిలి వెళ్లేవాళ్లం.

మూడులాంతర్ల అమ్మ:
ఎవరి దగ్గర వదలమంటారు అమ్మమ్మగారూ? మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఇది వీధిలోకి పరిగెడితే ఆవిడ పట్టుకోలేదు.

పేరు లేదు:
ఫోన్ ఇచ్చేయండి. గొడవే ఉండదు.

ఏడురోడ్ల నాన్న:
గొడవ ఉండకపోవడమేంటి, ఫోన్ వెనక్కి తీసుకునేటప్పుడు మొదలవుతుంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా ఇంట్లో ఆ గంట అన్నం తినిపించేసరికే అయిపోతుంది. పైగా ఫోన్‌లో తల పెట్టి నడిచే పిల్లకి బండి వస్తే కనబడుతుందా?

బొబ్బిలి కిరాణా:
నాకు కొట్టుంది. నిజం ఒప్పుకుంటాను. చాక్లెట్ సీసాలు గల్లాపెట్టె పక్కన కింది అరలో పెట్టేది పిల్లలకి అందాలనే. డబ్బు లెక్కపెట్టేటప్పుడు తల్లి రెండు చేతులకీ పనుంటుంది, పిల్ల చేతులు ఖాళీ. పెద్ద సూపర్ మార్కెట్లలో బిల్లు క్యూ పక్కన మిఠాయిలు పెట్టేదీ అందుకే. బండాయన బొమ్మ చేతిలో పెట్టడమూ బేరమే. ఆయనకీ రోజు గడవాలి, తిట్టలేను. కానీ తల్లి వద్దన్నాక మళ్లీ చూపించి ఆశ పెట్టడం మాత్రం పాపం. నేను చెయ్యను.

మా కొట్టుకొచ్చే ఒకమ్మాయి వాళ్ల బాబుకి ఉల్లిపాయలు ఏరే పని అప్పజెప్తుంది. కుళ్లినవి కూడా వేస్తాడు. తూకం వేసేటప్పుడు నేను తీసేస్తాను. వాడికి బీరువా తాళాలిచ్చినంత గర్వం. పది నిమిషాల పని పాతిక నిమిషాలవుతుంది, అది వేరు.

నా భయం ఏడుపు గురించి కాదమ్మా, తప్పిపోవడం గురించి. దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మీ ఊళ్లో ఎంత జనమో మీకు తెలుసు. అలాంటప్పుడు పిల్ల జబ్బ మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయండి. ఒంటరి పిల్ల ఎవరికైనా కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

ఏడురోడ్ల నాన్న:
బాబాయ్, ఆ పని అప్పజెప్పడం నేనూ చేసి చూశాను. టమాటాలు పిసికేశాడు. అక్కర్లేకపోయినా రెండు కిలోలు కొనాల్సొచ్చింది.

పూల్‌బాగ్ అమ్మమ్మ:
పచ్చడి పెట్టుకో.

మూడులాంతర్ల అమ్మ:
అందరూ నాకూ పిల్లకీ చెప్తున్నారు. ఆ పర్సు తీసినావిడ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఆవిడ లేకపోతే నేను కొనేదాన్ని కాదేమో.

పూల్‌బాగ్ అమ్మమ్మ:
ఆవిడ నాలాంటిదే అయ్యుంటుంది. నేనూ అలా అన్నదాన్నే, ఎన్నిసార్లో. ఏడుపు వింటే ఆగలేం, ఏం చెయ్యమంటావు. ఇంకోసారి అలా ఎవరైనా వస్తే, "డబ్బులొద్దు గానీ కాస్త ఈ సంచి పట్టుకోండి పిన్నీ" అను. నీ చేతులు ఖాళీ అవుతాయి, పిల్లని ఎత్తుకోవచ్చు.

ఏడురోడ్ల నాన్న:
ఇది బాగుంది. నేను ఒప్పుకున్నానని కాదు.

మూడులాంతర్ల అమ్మ:
ఇవాళ పొద్దున టిఫిన్ పెట్టేసి పదింటికి వెళ్లాం, ఆ మిగిలిన చింతపండుకి. ఖాళీ సంచి తనే మోస్తానంది. సగం దూరం మోసింది, మిగతా సగం సంచితో సహా దాన్ని నేను మోశాను. బొమ్మల బండి ఆ టైంకి ఇంకా రాలేదు, కాబట్టి ఏడురోడ్ల నాన్నగారు చెప్పినట్టు నిలబడగలిగేదాన్నో లేదో తెలీదు. కప్పకి నిన్న రాత్రే ఒక కాలు విరిగింది.