తిరుపతిలో కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు సోలారా, ఫ్యాన్లా?

బైరాగిపట్టెడ మిద్దె:
మాది పై అంతస్తు ఇల్లు. ఎండాకాలం నాలుగు నెలలూ వాడకం నెలకు 400 యూనిట్ల దగ్గర తేలుతుంది, మిగతా నెలల్లో 180 దాకా వస్తుంది. ఒక ఏసీ, నాలుగు పాత ఫ్యాన్లు, గీజరు ఉన్నాయి. పైగా తిరుపతిలో ఇల్లు కదా, దర్శనానికని వచ్చే చుట్టాలకు లెక్క లేదు. తెల్లవారుజామున మూడింటికే గీజరు ఆన్ అవుతుంది. 3 కిలోవాట్ల సోలార్ పెట్టించెయ్, 78 వేలు సబ్సిడీ వస్తుంది, ఇక బిల్లు మాటే మర్చిపో అని మా బావమరిది పోరు. ముందు ఫ్యాన్లు మార్చండి అని మా ఆవిడ. మీరేమంటారు? చార్జర్లు పీకెయ్యండి లాంటి సలహాలు మాత్రం వద్దు, దండం పెడతా.

రేణిగుంట రోడ్ సోలార్:
ఇందులో ఆలోచించడానికి ఏముందన్నా? మన ఊరి ఎండకు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు ఈజీగా వస్తాయి. మిద్దె మీద నీడ పడని వంద చదరపు అడుగులు ఉంటే ఒక కిలోవాటు పడుతుంది. ఫ్యాన్లు మార్చి, ఏసీ తగ్గించి, లైట్లు ఆర్పమని పిల్లల్ని తిడుతూ ఎన్నాళ్లు బతుకుతారు? ఒకసారి పెట్టించి పడేస్తే టెన్షన్ ఉండదు.

కొర్లగుంట లెక్కలు:
టెన్షన్ ఉండదు గానీ అప్పు ఉంటుంది. ముందు బిల్లు ఎలా పడుతుందో చూడండి. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి నడుస్తున్న స్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపైన 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75 రూపాయలు. ఏ స్లాబు యూనిట్లకు ఆ స్లాబు రేటే. అంటే మీ 400 యూనిట్లలో మొదటి 225కి 1,017 రూపాయలు, మిగిలిన 175కి 1,531. సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. వాడకంలో సగం కూడా లేని ఆ 175 యూనిట్లే బిల్లులో అరవై శాతం మింగుతున్నాయి. మనం కొట్టాల్సింది అక్కడ.

పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు లాగే కొత్త రకం మోటారుది, ఫుల్ స్పీడులోనూ 30 వాట్ల దగ్గరే ఉంటుంది. పన్నెండు గంటలు తిరిగితే ఒక్కోదానికి నెలకు 16 యూనిట్లు మిగులు. నాలుగింటికి 65, అవన్నీ 8.75 యూనిట్లే, అంటే వేసవిలో నెలకు 570 రూపాయల దాకా. మిగతా నెలల్లో ఫ్యాన్లు కాస్త తక్కువ తిరుగుతాయి కాబట్టి 300 వేసుకోండి. నాలుగు ఫ్యాన్లకు పన్నెండు వేలు పెడితే మూడేళ్లలోపే తిరిగొస్తుంది. ఇక్కడ మేడమ్ మాటే రైటు.

ఇక చుట్టాల గీజరు. 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 42కి తెస్తే 0.4 యూనిట్. పదిమంది స్నానం చేసినా నాలుగు యూనిట్లు, పై స్లాబులో అయినా 35 రూపాయలు. పాపం, దానికి చుట్టాల్ని ఆడిపోసుకోకండి. వాళ్లు హాల్లో పడుకున్నారని రాత్రంతా తలుపు తెరిచి ఏసీ నడుపుతారే, అదీ ఖర్చు.

రేణిగుంట రోడ్ సోలార్:
లెక్క బాగుంది సార్, కానీ సగమే చెప్పారు. ఏడాదికి వాళ్ల వాడకం సుమారు 3,000 యూనిట్లు. సోలార్ దాన్నంతా మోస్తుంది, మీ ఫ్యాన్లు ఏడెనిమిది వందల యూనిట్ల దగ్గరే ఆగిపోతాయి. ఇంకో మాట. ఈ సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం దాకానే. ఫ్యాన్లు వేసి, ఒక వేసవి చూసి, అప్పుడు ఆలోచిద్దాం అంటే సబ్సిడీ మన కోసం కాచుకుని ఉంటుందా?

అద్దె కొంప:
మీ మేడలు, మీ సబ్సిడీలు బాగున్నాయి. మా ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు ఫ్లాటుగా వసూలు చేస్తాడు. మేం వాడేది 90 యూనిట్లు, కట్టేది 900. అదే మాకు సొంత మీటరు ఉంటే 260 అయ్యేది. మేం ఏ ఫ్యాను మార్చాలి?

భవానీనగర్ ఓనరు:
అన్నీ ఓనర్ల మీదకే తోస్తే ఎలాగమ్మా? కింద మా వాడకం, పైన అద్దెవాళ్లది కలిసి ఒకే సర్వీసు మీద పడితే మొత్తం 400 దాటి 9.75లోకి పోతుంది. ఆ భారం ఎవరు మోయాలి?

కొర్లగుంట లెక్కలు:
ఎవరూ మోయక్కర్లేదండీ. వేరే వంటిల్లు ఉన్న పోర్షన్ అయితే దానికి వేరే సర్వీసు పెట్టించండి. ఇద్దరికీ లెక్క విడివిడిగా 1.90 స్లాబు నుంచే మొదలవుతుంది. ఒక్క మెషిను మార్చకుండా తగ్గే బిల్లు ఇదే, కానీ ఈ చర్చల్లో దీన్ని ఎవరూ ఎత్తరు. సబ్‌మీటరు మీద లాభం మిగులుతున్న ఓనర్లు అసలే ఎత్తరు.

గ్రీమ్స్‌పేట చిత్తూరు:
అన్నా, పై అంతస్తు అన్నారు కదా, మిద్దె సంగతి ఎవరూ అడగలేదేం? మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా కాలేది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పేది. మార్చిలో మిద్దెకు తెల్ల కూల్ పెయింట్ రెండు కోట్లు వేయించాం. ఇప్పుడు ఏసీ గంటసేపు వేసి ఆపినా గది చల్లగానే ఉంటోంది. ఏడాదికోసారి దుమ్ము కడగాలి, లేదంటే తెలుపు పోయి పని చెయ్యదు.

రేణిగుంట రోడ్ సోలార్:
ప్యానెళ్ల కింద కూడా నీడే కదక్కా! మిద్దె చల్లబడుతుంది, కరెంటూ వస్తుంది.

కొర్లగుంట లెక్కలు:
అది నిజం, ఒప్పుకుంటా. అయితే రెండు విషయాలు అమ్మేవాళ్లు చెప్పరు. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైనుకు కలిపి నడిచేది, కరెంటు పోయినప్పుడు తనూ ఆగిపోతుంది. లైన్ మీద పని చేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా పెట్టారు. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా మీ ఫ్యాను తిరగదు. ఇన్వర్టరు వేరే ఉండాల్సిందే.

రెండోది, 3 కిలోవాట్లు ఎందుకు? సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు తలా 30 వేలు, మూడో దానికి 18 వేలే. మీ ఇంటికి 2 కిలోవాట్లు ఏడాదికి 2,900 యూనిట్ల దాకా ఇస్తుంది, ఫ్యాన్లు మార్చాక మీకు అంత కూడా అక్కర్లేదు. మిగులు యూనిట్లకు మీరు కొనే రేటు రాదు. బావమరిది సబ్సిడీ మొత్తాన్ని చూస్తున్నాడు, మూడో కిలోవాటుకు మీ చేతి నుంచి పడేదాన్ని చూడటం లేదు.

ఏదైనా కొనేముందు ఒక పని చెయ్యండి. మీటరు మీద ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. మా దాంట్లో 3200. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి ఒకరు మీటరు దగ్గర నిలబడండి. అప్పుడూ లైటు మినుకుతుంటే ఎక్కడో లీకేజీ ఉంది, లేదా మీ లైను మీద ఇంకెవరో ఉన్నారు. తర్వాత ఒక్కొక్కటే ఆన్ చేస్తూ నిమిషానికి ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టండి. 3200 అని ఉన్న మీటరులో వెయ్యి వాట్లకు 53 సార్లు. నీళ్ల మోటారు దగ్గర చాలామంది ఉలిక్కిపడతారు.

అద్దె కొంప:
సబ్‌మీటరుకు కూడా ఆ లైటు ఉంటుందా సార్?

కొర్లగుంట లెక్కలు:
డిజిటల్‌ది అయితే ఉంటుందమ్మా. ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. దాని మీద రాసిన వాట్లకూ మినుకులకూ పొంతన కుదరకపోతే ఓనరుతో మాట్లాడటానికి చేతిలో లెక్క ఉంటుంది.

బైరాగిపట్టెడ మిద్దె:
అందరికీ థాంక్స్. అన్నీ ఆపినా మా మీటరు మినుకుతూనే ఉంది! మెట్ల దగ్గర లైటు, కింద పోర్షన్ వాళ్ల మోటారు మా లైను మీదే ఉన్నాయని ఎలక్ట్రీషియన్ తేల్చాడు. రేపు వాళ్లతో మాట్లాడాలి, అది సోలార్ కన్నా కష్టమైన పని. ఫ్యాన్లు ఈ నెలలోనే మారుస్తున్నా. సోలార్ 2 కిలోవాట్లకే అప్లై చేస్తా, సబ్సిడీ గడువు మాట నాకూ గుచ్చుకుంది. బావమరిదికి మాత్రం ఇంకా చెప్పలేదు.