ఊళ్ళో ప్రాజెక్టు చేసిన డిగ్రీ పిల్లలూ, మీ అనుభవాలు చెప్పండి

చీనీతోట:
అందరికీ నమస్తే. నేను అనంతపురంలో బీఎస్సీ చదువుతున్నా, మొదటి సంవత్సరం అయిపోవచ్చింది. ఈ సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి కదా, 180 గంటలు, 4 క్రెడిట్లు. మా బ్యాచ్‌లో నలుగురం. శింగనమల వైపు ఒక ఊరు అనుకున్నాం, టాపిక్ నీళ్ళు. సీనియర్లను అడిగితే "ఫారం ఉంది, జిరాక్స్ తీసుకో, యాభై ఇళ్ళు నింపు, రచ్చబండ దగ్గర ఫోటో దిగు, అయిపాయె" అంటున్నారు. మాకు అట్ల చేయాలని లేదు. ఊరోళ్ళతో కలిసి, వాళ్ళకూ పనికొచ్చే పరిశోధన లాంటిది మా స్థాయిలో చేయొచ్చా? కడప, కర్నూలు వాళ్ళు కూడా చెప్పండి.

లాగ్‌బుక్:
ముందు మీ మెంటర్ సార్ ఎట్లాంటోడో కనుక్కో. మా దానికి రోజూ లాగ్‌బుక్కులో సంతకం కావాలి, ఫోటో కావాలి, ఫోటోలో బ్యానరు కనపడాలి. పరిశోధన అని ఎవరూ అడగలేదు. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో పోయినేడాది రిపోర్టులు స్పైరల్ బైండింగుతో సహా దొరుకుతాయి, ఊరి పేరు మార్చుకుంటే చాలు. నేను కొనలేదు గానీ కొన్నోళ్ళకు నాకన్నా రెండు మార్కులు ఎక్కువే పడినాయి.

మిడ్‌పెన్నార్ రైతు:
నేను సదువుకున్నోన్ని కాదు, మా కొడుకు ఫోన్లో సూసి రాపిస్తా ఉండా. ఏటా ఎండాకాలం వస్తారు పిల్లోళ్ళు, టోపీలు పెట్టుకోని. మరుగుదొడ్డి ఉందా, ఎనుములు ఎన్ని, టీవీ ఉందా, బండి ఉందా అని రాసుకుంటారు. మావోళ్ళు ఏమనుకుంటారు? గవుర్మెంటోళ్ళు అనుకుంటారు. బండి ఉందంటే రేషన్ కార్డు తీసేస్తారేమో, భూమి ఉందంటే పింఛను పోతాదేమో అని భయం. అందుకే ఐదెకరాలోడు రెండెకరాలు అంటాడు. మీరు అదే రాసుకోని పోతారు. రాసుకోని పోయినోళ్ళు మళ్ళీ వచ్చి "ఇదో, మీ ఊరి లెక్క ఇట్లుంది" అని చెప్పింది నేనైతే సూడలేదు.

పెన్నగట్టు:
పెద్దాయన చెప్పింది ముమ్మాటికీ నిజం. నేను డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్తాను, కొన్నేళ్ళుగా ఈ ప్రాజెక్టులకు మెంటరుగా ఉంటున్నా.

చీనీతోటా, ఫారంతో మొదలుపెట్టొద్దమ్మా. మొదటి వారం ఊరి పటం వేయించండి. మీరు గీయడం కాదు, ఊరోళ్ళతోనే. గుడి ముందరో బడి ఆవరణలోనో నేల ఊడ్చి, ముగ్గుపిండి ఆడవాళ్ళ చేతికి ఇచ్చి పక్కకు జరగండి. చెరువు, వంక, ఎస్సీ కాలనీ, ట్యాంకు, బోర్లు వాళ్ళే పెడతారు. నీళ్ళున్న బోరుకు పచ్చాకు, ఎండిన దానికి గులకరాయి. ఒక ఊర్లో ఇట్ల వేస్తుంటే ఒకామె "ఆ రాయి తీయ్, ఆ బోరు పోయినేడు మళ్ళా పలికింది" అనింది, ఇంకొకామె కాదనింది, వాదులాటలో ఆ వీధి బోర్ల చరిత్రంతా బయటపడింది. ఫారంలో ఈ గడి ఎక్కడుంటుంది? ఒక జాగ్రత్త: కాలనీ వాళ్ళు గుడి ముందరికి రాలేని ఊర్లు ఇంకా ఉన్నాయి. అక్కడ పటం రెండు చోట్ల వేయించండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

నీళ్ళు టాపిక్ అన్నారు కాబట్టి ఒక పని చెప్తాను. 20 లీటర్ల బక్కెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్. రైతు "రెండించుల నీళ్ళు" అంటాడు, మీరు పైపు దగ్గర బక్కెట్టు పెట్టి నిండే సమయం చూడండి. 10 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు. పగటిపూట 9 గంటల కరెంటుకు 64,800 లీటర్లు. ఇప్పుడు పంట వైపు రండి. చెనిక్కాయకు (వేరుశనగకు) పంటకాలం మొత్తానికి సుమారు 500 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి, పొలమంతా అంత ఎత్తున నిలిచేంత అన్నమాట, అంటే ఎకరాకు 20 లక్షల లీటర్లు. వరికి 1,200 అనుకుంటే ఎకరాకు 48 లక్షలు దాటుతుంది. వాన సంగతి పక్కన పెడితే ఆ బోరు కింద 110 రోజుల చెనిక్కాయ మూడున్నర ఎకరాలు పండుతుంది, 120 రోజుల వరి ఎకరంన్నర. ఈ లెక్క కాగితం మీద కాదు, రైతు పక్కన కూర్చుని ఆయన బోరుకే వేయాలి. ఎవరి బోరు లెక్క వాళ్ళకు ఇచ్చేసి రావాలి.

ఇది కొత్తదేమీ కాదు. 2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు అని ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వెనక ఉండింది. అనంతపురం, కర్నూలు, కడప కూడా అందులో ఉన్నాయి. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరికి ఎన్ని నీళ్ళున్నాయో, ఏ పంట ఎంత వేసుకోవచ్చో లెక్క వేసుకున్నారు. మీరు వెళ్ళే ఊర్లో ఆ కాలంలో కొలిచిన పెద్దవాళ్ళు ఉన్నారేమో అడిగి చూడండి.

మిడ్‌పెన్నార్ రైతు:
సారూ, లెక్క మంచిదే. కానీ మా బోరు 9 గంటలూ ఒక్క తీరుగా పోయదు సార్. పొద్దున మోటరు ఏస్తే రెండించులు పోస్తాది, రెండు గంటలు పోతే సన్నమైతాది, మద్యాన్నానికి ఆగి ఆగి గాలి కక్కుతాది. మావోడు ఆటో స్టార్టరు పెట్టినాడు, ఎప్పుడు ఆగిందో మాకే తెలీదు. మీ 64 వేల లీటర్లు మా బోరులో సగం కూడా ఉండవు. పొద్దున ఒకసారి కొల్సి పోయినోడు, నాకు నాలుగెకరాల నీళ్ళుండాయి అని రాసి పెడితే, బ్యాంకోడు నమ్ముతాడు, నేను నమ్మను.

పెన్నగట్టు:
చీనీతోటా, ఇదిగో మీ ప్రాజెక్టు ప్రశ్న! "మా ఊరి బోర్లు ఎన్ని గంటల తర్వాత సన్నబడతాయి?" గంట గంటకూ కొలవండి. నలుగురున్నారు, నాలుగు బోర్లు పంచుకోండి. పక్క బోరు మోటరు వేసినప్పుడు దీంట్లో తగ్గుతుందా అన్నది కూడా రాసుకోండి, రైతుకు ముందే అనుమానం ఉంటుంది, ఎవరి బోరు ఎవరి నీళ్ళు గుంజుతోందో చెప్తాడు. అయితే ఆ సంగతి రిపోర్టులో పేర్లతో రాయొద్దు, కొట్లాటలైతాయి.

హంద్రీ గట్టు:
మాది కర్నూలు పడమటి వైపు, ఆదోని దగ్గర పల్లె. మా బ్యాచ్ వలసల మీద చేసినాం. తెలుసు కదా, మిరపకోతలకు గుంటూరు వైపు పోతారు, కొందరు బెంగుళూరు. ఇళ్ళకు తాళాలు. తాళమేసిన ఇంటిని "సమాచారం లేదు" అని రాసుకుంటే ఇంక సర్వే ఎందుకు? ముసలోళ్ళు ఉంటారు, వాళ్ళతో కూర్చున్నాం. ఎవరు ఏ నెలలో పోయినారు, పిల్లల్ని తోడుకోని పోయినారా, అవ్వ దగ్గర వదిలినారా అని. పొద్దున పోతే ఒక్కరూ దొరకరు, పొద్దు కుంకినాక అరుగుల మీద అందరూ దొరుకుతారు. మీ టైంటేబుల్ కాలేజీదా ఊరిదా, ముందే తేల్చుకోండి.

మాకు చిక్కు ఎక్కడొచ్చిందంటే, వలసపోయిన పిల్లోళ్ళకు కొన్నిచోట్ల రిజిస్టర్లో హాజరు పడుతోంది. రాయాలా వద్దా? బడి పేరు బయటికొస్తే ఇబ్బంది పడేది అయ్యవారొక్కడే కాదు, పిల్లోళ్ళ మధ్యాహ్న భోజనం లెక్క కూడా. తల్లిదండ్రుల్నే అడిగినాం. "మాకు హాస్టల్ కావాలని రాయండి, ఎవరి పేరూ వద్దు" అన్నారు. పంటల కాలానికి నడిపే హాస్టల్ ఏ నెల నుంచి ఏ నెల వరకు ఉంటే ఉపయోగమో ఒక పేజీ రాసి, ఊర్లో చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాక మండల విద్యాధికారికి వాళ్ళతోనే ఇప్పించినాం. హాస్టల్ వచ్చిందా అంటే, మా ఊరికి రాలేదు. కాగితం మాత్రం వాళ్ళ దగ్గరుంది, మళ్ళా ఇస్తామంటున్నారు.

లాగ్‌బుక్:
హంద్రీ అన్నా, ఇంత చేసి మార్కులు ఎన్ని?

హంద్రీ గట్టు:
అందరికీ పడినన్నే తమ్ముడూ.

తెల్లబీకరు:
కెమిస్ట్రీ వాళ్ళం. మేము అనంతపురం జిల్లాలోనే తాగేనీళ్ళ ఫ్లోరైడ్ చూసినాం. జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊర్లో కనీసం ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పించి కిట్టు ఇవ్వాలని ఉంది. మీ ఊర్లో ఆ కిట్టు ఎవరింట్లో ఉందో కనుక్కోండి, బీరువా మీద సీలు కూడా తీయకుండా ఉన్నా ఉంటుంది. వాళ్ళనే పిలిచి వాళ్ళతోనే చేయించినాం. నీళ్ళలో రంగుమందు చుక్కలు వేస్తే గులాబీ రంగు, ఫ్లోరైడ్ ఎక్కువయ్యే కొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. చార్టు పక్కన గాజుగొట్టం పట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళే లేకపోతే 1.5 దాకా తట్టుకోవచ్చు, అది మన దేశ ప్రమాణం.

కానీ కిట్టు రంగు చూసి గోడ మీద "ఈ నీళ్ళు తాగరాదు" అని రాసేయకండి. అదే బాటిల్ నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకు పంపి, కాగితం వచ్చాక పంచాయతీలో చెప్పాలి. ఏ బోరైనా వద్దు అంటే "మరి ఏం తాగాలి?" అని అడుగుతారు, దానికి జవాబు పట్టుకొని పోవాలి. మన జిల్లాలో సత్యసాయి నీటి పథకం 1995 నుంచి ఉంది, చాలా ఊర్లకు ఆ కుళాయి ఉంది, అందుకే వాళ్ళు మొదట అడిగేది "ఆ నీళ్ళు ఏ రోజు వస్తాయి, ఏ రోజు రావు" అని. చివరికి మా చార్టులో ఫ్లోరైడ్ కన్నా కుళాయి వచ్చే రోజుల పట్టికకే ఎక్కువ గిరాకీ అయింది, అంగన్‌వాడీ టీచరు దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

కలివికోడి:
కడప నుంచి. నీళ్ళ మీదే కాదు, జువాలజీ వాళ్ళు కూడా ఉంటే వినండి. నా పేరుకు కారణమైన పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో మన లంకమల అంచున మళ్ళీ దొరికింది. దొరికించింది ఎవరు? బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు బొమ్మలు చూపించి ఊరూరా అడిగితే, రాత్రిపూట తిరిగే పిట్ట అని, ఏ పొదల్లో ఉంటుందో అని చెప్పింది ఇక్కడి వేటగాళ్ళు. పట్టి తెచ్చిందీ వాళ్ళే. ఆ తర్వాత 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం అయింది. ఇంకా తర్వాత మెత్తటి మట్టి పరిచి తెల్లారి అడుగుల గుర్తులు చూసే పద్ధతిలోనూ వెతికారు.

మీ రిపోర్టులో చెప్పినోళ్ళ పేర్లు, వాళ్ళకు ఇష్టమైతే, ముందు పేజీలో వేయండి. చివర "గ్రామస్థులకు కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క పడేసేది నాకు నచ్చదు. గొర్రెలు కాసేటోళ్ళకు తెలిసినంత జాగ్రఫీ మన సిలబస్‌లో లేదు. ఇంకొకటి, అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా కాలు పెట్టొద్దు, ఊరాయన తోడున్నాడు అనేది అనుమతి కాదు, కేసు ఆయన మీద కూడా పడుతుంది.

లాగ్‌బుక్:
అన్నీ బాగానే ఉన్నాయి. కానీ 180 గంటల్లో డిగ్రీ పిల్లోడు చేసేదాన్ని పరిశోధన అంటే నాకు నవ్వొస్తుంది. నాలుగు బోర్లు కొలిచి ఊరి నీళ్ళ గురించి ఏం తేలుస్తారు? ఊరోళ్ళకు ఆశ పెట్టడమే.

పెన్నగట్టు:
తేల్చరు. ఒక్క ఏడాది నాలుగు బోర్ల కొలతతో ఏదీ తేలదు, ఆ మాట ఊర్లో కూడా చెప్పే మొదలుపెట్టాలి. అందుకే నేను మా పిల్లలకు వేరే వేరే ఊర్లు ఇవ్వడం మానేశా. అదే ఊరు, అవే బోర్లు, అదే నోటు పుస్తకం, ప్రతి బ్యాచ్‌కూ. ఇప్పుడు మొదటి బ్యాచ్ కొలత పక్కన చివరి బ్యాచ్ కొలత ఉంది. ఒక రైతు దాన్ని చూసి చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టే ఆలోచన వాయిదా వేసుకున్నాడు. మంచిదో కాదో ఆయనకే తెలియాలి. మా పైవాళ్ళు మాత్రం "ఏటా అదే ఊరేనా, కొత్తదనం లేదా" అంటారు. కొత్తదనం ఎందుకయ్యా, చెట్టుకు నీళ్ళు కావాలి గానీ! లాగ్‌బుక్కు సంగతా, గంట గంట కొలతలే అందులో రాయండి, సంతకం రైతుతో పెట్టించండి. నేనైతే దాన్నే మార్కులకు తీసుకుంటున్నా.

చీనీతోట:
అందరికీ చాలా థ్యాంక్స్. మా బ్యాచ్ వాళ్ళకు ఇదంతా చూపించినా. ఫారం లేకుండా పోదామంటే ఒకమ్మాయి భయపడుతోంది, అయినా ముగ్గుపిండి కొనే బాధ్యత తనకే ఇచ్చినాం. రైతన్నా, మీ ఊరు మాకు దగ్గరే అనుకుంటా. మీ ఊరికే రావచ్చా? ముందు సర్పంచును కలవాలా?

మిడ్‌పెన్నార్ రైతు:
రాండమ్మా. సర్పంచుకు ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఆయన అలుగుతాడు. కానీ మొదట ఆయనింటికి పోతే మిగిలినోళ్ళు మీరు ఆయన మనుషులు అనుకుంటారు. పొద్దున్నే పాలకేంద్రం కాడికి రాండి, రెండు పార్టీలోళ్ళూ ఆడ క్యాన్లు పట్టుకోని నిలబడింటారు. ఆడనే చెప్పండి మీరు ఎవరు, ఎందుకు వచ్చినారు, రేషన్ కార్డుకూ దీనికీ సంబంధం లేదని. నాయి రెండు బోర్లు, ఒకటి ఎండిపోయింది. పలికే దాన్ని కొల్చుకోండి. మా ఫీడరుకు ఈ వారం పొద్దున 9 నుంచి కరెంటు, వచ్చేవారం మారుస్తారంట, వచ్చే ముందు రోజు ఒకసారి అడగండి.