సీజర్ తన గురించే "సీజర్ వెళ్లాడు" అని రాసుకున్నాడేంటి?

పాతపేజీ:
రోమన్ సేనాని సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల మీద రాసిన పుస్తకం అనువాదంలో చదువుతున్నా. యుద్ధం నడిపింది తనే, రాసింది తనే, అయినా "సీజర్ ఆజ్ఞాపించాడు", "సీజర్‌కి కబురు అందింది" అంటూ ఎవరో పరాయివాడి సంగతి చెప్పినట్టు చెబుతాడు. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ అలా కాదు, "నేను చూశాను, ఫలానావాళ్లు చెబితే విన్నాను, నాకైతే నమ్మబుద్ధి కాలేదు" అని తరచూ మధ్యలోకి వచ్చేస్తాడు. సీజర్‌ది వినయమా, ఎత్తుగడా?

లాటిన్‌పిచ్చి:
సీజర్‌కి వినయమా! అప్పటి రోమన్లు దీన్ని ఎలా చూసేవాళ్లో రోమన్ నాయకుడు, వక్త సిసెరో ఉత్తరం ఒకటి చదివితే తెలిసిపోతుంది. క్రీ.పూ. 55 ప్రాంతంలో, అంటే సీజర్ ఇంకా గాల్‌లో ఉండగానే, లుక్కెయస్ అనే చరిత్రకారుడిని బతిమాలుతూ రాశాడు. క్రీ.పూ. 63లో నేను కాన్సుల్‌గా (రోమ్‌లో అత్యున్నత పదవి) ఉండి, ప్రభుత్వాన్ని కూల్చాలని కాటిలీన్ పన్నిన కుట్రను అణిచిన కథ నువ్వు రాయి, చరిత్ర నియమాలు కాస్త పక్కనపెట్టి గట్టిగానే పొగుడు అని (మొహమాటం లేకుండా అడిగేశాడు). నువ్వు కాదంటే నేనే రాసుకోవాలి, కానీ సొంత కథ రాసుకునేవాడు పొగడ్త దగ్గర తగ్గాలి, తప్పులు దాటేయాలి, పైగా జనం అంతగా నమ్మరు, మాటకి బరువూ తగ్గుతుంది అంటాడు. సీజర్ ఇబ్బందీ అదే. రోమ్‌లో శత్రువులున్నారు, జవాబు చెప్పుకోడానికి తను ఊళ్లో లేడు. "నేను" తీసేస్తే అది సైనిక నివేదికలా కనిపిస్తుంది. రోమన్ సైన్యాన్ని మాత్రం "మనవాళ్లు" అంటాడు గమనించారా, చదివేవాడు తెలియకుండానే ఆయన పక్షాన చేరిపోతాడు.

ఏథెన్స్‌గుడ్లగూబ:
ఈ ట్రిక్ సీజర్ కనిపెట్టింది కాదు. పర్షియా నుంచి గ్రీకు కిరాయి సైనికులు తిరిగొచ్చిన కథలో, దాన్ని రాసిన జెనొఫోన్ మూడో పుస్తకంలో "సైన్యంలో జెనొఫోన్ అనే ఏథెన్స్‌వాడు ఉండేవాడు" అంటూ తాపీగా ప్రవేశిస్తాడు. ఇంకో రచనలోనైతే ఆ కథ రాసింది థెమిస్టోజెనీస్ అనే సిరక్యూస్‌వాడు అనేశాడు! వేరేవాడు రాసినట్టుంటే ఎక్కువ నమ్ముతారనే అలా చేశాడని తర్వాతి కాలం గ్రీకు రచయిత ప్లూటార్క్ అన్నాడు. ఏథెన్స్, స్పార్టాల యుద్ధ చరిత్ర రాసిన తుసిడిడీస్ ఇంకా లెక్కగా ఉంటాడు. క్రీ.పూ. 424లో ఏథెన్స్ చేతిలోంచి ఆంఫిపొలిస్ నగరం జారిపోయినప్పుడు సమయానికి చేరుకోలేకపోయిన సేనాని ఆయనే, అక్కడ "తుసిడిడీస్" అని పేరు పెట్టి రాస్తాడు. ఆ వైఫల్యం తర్వాత పడిన 20 ఏళ్ల ప్రవాస శిక్ష దగ్గరకొచ్చేసరికి "నేను", ఎందుకంటే ప్రవాసంలో ఉన్నందుకే రెండు పక్షాల వ్యవహారాలూ చూడగలిగానని చెప్పుకోవాలి కదా.

మట్టిపలక:
హెరోడోటస్‌ని తక్కువ చేయకండి. ఈజిప్టు భాగంలో, ఇక్కడిదాకా నేను చూసింది, ఆలోచించింది, విచారించింది, ఇక్కణ్నుంచి ఈజిప్టువాళ్లు చెప్పింది అని గీత గీసి చెబుతాడు. జనం చెప్పింది చెప్పడం నా పని, అంతా నమ్మాలని లేదు అని కూడా అంటాడు. సీజర్ దగ్గర ఆ గీత ఎక్కడ? కళ్లారా చూసిందేదో, కిందివాళ్లు చేరవేసిందేదో చాలాచోట్ల తెలీదు. నా ఓటు హెరోడోటస్‌కే.

లాటిన్‌పిచ్చి:
@మట్టిపలక సీజర్ వెంట ఉన్న అసినియస్ పోలియో అన్నది దాదాపు ఇదే, సీజర్ జీవితచరిత్ర రాసిన స్యుటోనియస్ ఆ మాట రాసిపెట్టాడు. ఇతరులు చేసిన పనుల గురించి వచ్చిన కబుర్లు సీజర్ పరిశీలించకుండా నమ్మేశాడట, తను చేసినవేమో కావాలనో మరిచిపోయో తప్పుగా రాశాడట.